ఖాళీ చేయమంటాడేమోనని

నవంబరులో ఒక శనివారం కొండల్ రావు ఎవరో ఐరిష్ మనిషిని వెంటబెట్టుకుని ఐర్లండులో డ్రోహెడా అనే ఊళ్ళో ఉన్న తన ఇంటికి వచ్చాడు. ఇల్లు ఆయనదే గానీ అందులో అద్దెకు ఉండేది ఖైరున్నీసా కుటుంబం. ఆయన నేస్ అనే వేరే ఊళ్ళో ఉంటాడు, మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. కరీంనగర్ వైపు మనిషి, మాట తక్కువ. వెంట వచ్చినతను గది గదికీ తిరిగి గోడలు తట్టాడు. కిటికీల అంచుల దగ్గర అరచెయ్యి పెట్టి గాలి ఎక్కడ దూరుతోందో చూశాడు. నిచ్చెన వేసుకుని అటకెక్కి టార్చి కొట్టాడు. దిగి వచ్చి, చలికాలంలో ఇల్లు బాగా చల్లబడుతుందా అని ఖైరున్నీసాను అడిగాడు.

"నో, నో. గ్రాండ్," అంది ఆమె, బాగానే ఉందనడానికి అక్కడివాళ్ళు వాడే మాటతో.

వెళ్ళేటప్పుడు కొండల్ రావు గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ, "ఇంట్ల మస్తు పని చేపియ్యాలె బిడ్డా. నీతోని మాట్లాడేదున్నది. తీరిగ్గ వస్త," అన్నాడు.

కారు కదిలాక ఆమె టీ కప్పులు కడిగింది. కడిగిన కప్పునే మళ్ళీ తీసి కడిగింది.

వాళ్ళది ప్రొద్దుటూరు. ఐర్లండు వచ్చిన కొత్తలో టాలట్ అనే చోట ఉండేవాళ్ళు. అక్కడి ఇంటాయన కూడా ఇల్లు బాగుచేయించాలి అనే మొదలుపెట్టాడు. ఆ వెనకే ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. వేరే ఇల్లు దొరక్క ఆ చలికాలమంతా ఎవరింట్లోనో ఒక గదిలో సర్దుకున్నారు. కూతురు నస్రీన్ అప్పుడు చిన్నది, మంచం మీదే తినడం, మంచం మీదే ఆడుకోవడం. తర్వాత ఖైరున్నీసాకు డ్రోహెడా ఆసుపత్రిలో రోగులను చూసుకునే పని దొరికింది. భర్త ఖాదర్ దగ్గర్లోనే వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరాడు. అప్పుడు దొరికిన ఇల్లు ఇది. కిటికీ పక్కన కూర్చుంటే మెడ మీద చల్లగాలి తగులుతుంది. నస్రీన్ గది మూలలో ఏటా తేమకు నల్లటి బూజు పడుతుంది. ప్రతి ఏడూ ఖైరున్నీసా బ్లీచు వేసి తుడుస్తుంది. ఒక్కసారి కూడా కొండల్ రావుకు చెప్పలేదు.

"ఆయప్పనే అడిగితే అయిపోతాది గదా," అన్నాడు ఖాదర్ ఆ రాత్రి అన్నం తింటూ.

"అడిగితే అప్పుడే పొమ్మని చెప్పేస్తాడు. అడక్కుంటే ఇంగా కొన్నాళ్ళుంటాం."

"అదేం లెక్క మే?"

లెక్క ఏమిటో ఆమెకూ తెలియదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఏం చేయాలో తోచేది కాదు. డ్యూటీలో మంచాల దుప్పట్లు మారుస్తూ కూడా మనసు ఇంటి చుట్టే తిరిగేది. విరామం దొరికితే ఫోనులో అద్దె ఇళ్ళు వెతికేది. ఇళ్ళు చూడ్డానికి వెళితే ఒక్కో గుమ్మం ముందు బారెడు వరస. వానలో గొడుగు కింద నిలబడి, ముందున్నవాళ్ళ బట్టలూ బూట్లూ చూసి, వీళ్ళకే ఇస్తారు, మాకివ్వరు అనుకుని తిరిగి వచ్చేది. వచ్చి అలమారలు సర్దేది. అక్కర్లేని గిన్నెలు అట్టపెట్టెల్లో పెట్టేది.

"మామ్, ఆర్ వీ మూవింగ్?" అని నస్రీన్ ఒకరోజు బడినుంచి రాగానే అడిగింది.

"లేదు. సర్దుతాండా, అంతే."

"మై ఫ్రెండ్స్ ఆర్ ఆల్ హియర్," అంది ఆ పిల్ల. ఖైరున్నీసా పెట్టె మూత మూసింది.

కొండల్ రావు రెండుసార్లు ఫోన్ చేశాడు. పేరు కనబడగానే ఆమె ఫోను బోర్లా పెట్టేసింది. తర్వాత మెసేజి వచ్చింది: ఇంటి సంగతి మాట్లాడాలి, ఆదివారం వస్తాను. అదే వారంలో ఒక దుకాణం పైన రెండు గదుల ఇల్లు ఆమెకు ఇస్తామన్నారు. మెట్లు ఇరుకు, ఆసుపత్రికి దూరం, నస్రీన్ బడి మారాలి. అయినా తీసుకుంటానని చెప్పింది. సంతకం సోమవారం పెట్టాలి. ఆయన పొమ్మనకముందే మేమే పోతామని చెప్పేయాలి, అప్పుడు కాస్త గౌరవంగా ఉంటుంది అనుకుంది.

ఆదివారం కొండల్ రావు వచ్చి సోఫాలో కూర్చోగానే, ఆమె నిలబడే చెప్పేసింది.

"మేం ఖాళీ చేస్తాం అంకుల్. వేరే ఇల్లు చూసుకున్నాం."

ఆయన ఖాదర్ వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు.

"నాకు తెలుసు, ఇల్లు చల్లగుంటది," అన్నాడు. "ఫోన్ ఎత్తకపోతుంటే కోపమొచ్చిందనే అనుకున్న. అందుకే గద బిడ్డా ఈ పనంత. గోడలల్ల, అటక మీద వెచ్చదనం ఆగెటట్టు చేపిస్త. పాత బాయిలర్ తీసి హీట్ పంపు పెట్టిపిస్త. ఆనాడు నాతోని వచ్చినాయన చూసిపోయినంక గవర్నమెంటు గ్రాంటు మంజూరైంది. మిగిలిన ఖర్చుల కొంత అద్దె మీద కట్టే ట్యాక్సుల తగ్గించుకోవచ్చని మా అకౌంటెంటు చెప్పిండు. కని ఒక్కటి. ఇల్లు ఖాళీ చేపిచ్చి చేస్తె ఆ ట్యాక్సు తగ్గింపు రాదు. మీరు ఇంట్ల ఉండంగనే పని కావాలె. ఆ ధూళిల, ఆ చప్పుడుల ఉండుమని మిమ్ముల ఎట్ల అడగాల్నో తెల్వక ఇన్ని దినాలు నిద్ర పట్టలే."

ఖాదర్ నవ్వాడు. ఖైరున్నీసాకు నవ్వు రాలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. ముందు కలిగింది సంతోషం కాదు, కోపం. ఎవరి మీదో కూడా తెలియని కోపం.

"పైన పాప గదిలో బూజు చూసినారా అంకుల్?" అంది.

"లేదు."

"రండి చూపిస్తా."

ఆయనను మేడ మీదికి తీసుకెళ్ళింది. మంచం పక్కకు జరిపి గోడ మూల చూపించింది. సరిగా మూసుకోని కిటికీ చూపించింది. బాయిలర్ ఆగిపోయిన పొద్దున్న నీళ్ళు పొయ్యి మీద కాచి పిల్లకు స్నానం చేయించిన సంగతి చెప్పింది. నాలుగు చలికాలాలు నోట్లో దాచుకున్నదంతా ఆ గదిలో నిలబడి చెప్పింది.

"మరి ఎన్నడు చెప్పలేదేంది?"

"చెప్తే పొమ్మంటారని."

ఆయన గోడ మీది మరకను వేలితో తడిమి, ఆ వేలు చూసుకున్నాడు.

కిందికి వచ్చాక ఆమె మరో మాట అడిగింది. "ఇల్లు బాగైనాక అద్దె పెంచుతారా?"

ఆ ప్రశ్నకు ఆయన సిద్ధంగా లేడు. "ఏడాది దాక పెంచ. తర్వాత కూసోని మాట్లాడుకుందాం."

"అదే రాసిస్తారా?"

"నా మాట మీద నమ్మకం లేదా బిడ్డా?"

"ఉంది అంకుల్. అయినా రాయండి."

ఖాదర్ ఇబ్బందిగా కదిలాడు. కొండల్ రావు నొచ్చుకున్నాడని మొహంలోనే తెలిసింది. అయినా ఫోను తీసి, కళ్ళజోడు పైకి తోసుకుని, ఒక్కో అక్షరం నొక్కుతూ అక్కడే రాసి ఇద్దరికీ పంపాడు. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. సోమవారం ఆమె దుకాణం పైన ఇల్లు వద్దని చెప్పేసింది.

జనవరిలో పనివాళ్ళు వచ్చారు. వెచ్చదనం ఆపే సరుకు నింపడానికి గోడలకు బెజ్జాలు వేసే చప్పుడుకు ఇల్లంతా అదిరేది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఖైరున్నీసాకు పగలు కన్ను మూతపడేది కాదు. ముగ్గురూ ఒకే గదిలో పడుకున్న రాత్రులు ఆమెకు టాలట్ గుర్తొచ్చి, ఒప్పుకుని తప్పు చేశానేమో అనిపించేది. అన్నంలో సున్నం రుచి తగులుతోందని ఖాదర్ విసుక్కున్నాడు. పెరట్లో పెద్ద ఫ్యాను ఉన్న తెల్లటి యంత్రం వెలిసింది. బయటి గాలిలోంచే వేడి లాగి ఇంటికిస్తుందని పనివాళ్ళు చెబితే ఆమె నమ్మలేదు. మొదటి రోజంతా రేడియేటర్లు ముట్టుకుంటూ తిరిగింది. అవి పాతవాటిలా కాలడం లేదు, గోరువెచ్చగానే ఉన్నాయి. చెడిపోయిందనే అనుకుంది. సాయంత్రం నస్రీన్ స్వెటరు విప్పి కుర్చీ మీద పడేసి, లెక్కలు చేసుకుంటూ నేల మీద బోర్లా పడుకుంది. అప్పుడు గమనించింది, మెడకు ఎక్కడా గాలి తగలడం లేదని.

ఆమెలోని కంగారు పూర్తిగా పోలేదు. ఏడాది గడువు ఎప్పుడు ముగుస్తుందో ఆమెకు తెలుసు, దాన్ని మరిచిపోదు కూడా. మార్చిలో ఒక పొద్దున కుళాయిలో వేడినీళ్ళు రాలేదు. ఖాదర్ మధ్యాహ్నం దాకా చూద్దామన్నాడు. ఖైరున్నీసా తడిచెయ్యి తువాలుకు తుడుచుకుని అప్పుడే కొండల్ రావుకు ఫోన్ చేసింది. ఆయన పనికి పోయే దారిలో ఉన్నాడు.

"అంకుల్, వేడినీళ్ళు రావడంల్యా. ఈరోజే మనిషిని పంపండి."

"పంపిస్త బిడ్డా," అన్నాడాయన. ఆమె కోటు వేసుకుని డ్యూటీకి బయల్దేరింది.