సామాన్ల గదిలో జనరేటర్

ఇవాళ వానలో ఓ బట్టల కొట్టాయన జనరేటర్‌ని లోపల పెట్టి, షట్టర్ సగం దించేశాడు. ఆ కిరోసిన్ పొగ వాసనకి నా కాళ్ళు ఆగిపోయాయి.

మధ్యాహ్నం సీరియల్ రోజులు గుర్తున్నాయా మీకు? కంకిపాడులో మా వీధి మొత్తానికీ జనరేటర్ ఉన్నది మా ఇంట్లోనే. కరెంటు పోతే మావయ్య దాన్ని వాకిట్లో పెట్టి తాడు లాగేవాడు, ఆడవాళ్ళంతా మా హాల్లో చేరేవారు. ఆ రోజు తుఫాను వాన. తడుస్తుందని దాన్ని సామాన్ల గదిలో పెట్టి, తను పనిమీద వెళ్ళిపోయాడు. జల్లు కొడుతోందని కిటికీలన్నీ మూసేశాం.

"డైలాగులు వినబడట్లేదే, ఆ గది తలుపేసెయ్," అంది అమ్మమ్మ.

వేశాను. టీవీ వైరు అడ్డొచ్చి తలుపు పూర్తిగా పడలేదు.

కాసేపటికి అందరికీ తలనొప్పి. "ఇంత ఏడుపు సీరియల్ చూస్తే రాదేంటి," అని అమ్మ నవ్వింది. ఒక్కొక్కరే గోడకి జారబడ్డారు. నేను అమ్మమ్మ ఒళ్ళో పడుకున్నాను.

భార్య కోసం వచ్చిన పక్కింటి టైలర్ ఖాదర్ గారు, ఎంత పిలిచినా ఎవరూ పలకకపోయేసరికి తలుపు తన్ని లోపలికొచ్చారు. అందర్నీ వానలోకి ఈడ్చారు. అందరం లేచాం. అమ్మమ్మ లేవలేదు.

"లోపల నడపకండీ, బయట పెట్టండి," అన్నాను కొట్టాయనతో.

"ఐదు నిమిషాలేనండీ," అని నవ్వాడు.

షట్టర్ నేనే పైకెత్తాను. ఆయనకెలా చెప్పను? ఆ రోజు అమ్మమ్మ ఒళ్ళో పట్టినంత కమ్మటి నిద్ర నాకు మళ్ళీ ఎప్పుడూ పట్టలేదు.