కోడులోకి ఎక్కించిన అంకెలు

ఎన్నో ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. పైకి కనబడదు. నవ్వుతాను, తింటాను, హాయిగా నిద్రపోతాను. నిజానికి సంతోషంగానే ఉన్నాను. దానికే అప్పుడప్పుడు భయం వేస్తుంది. ఇంత పని చేసిన మనిషి ఇంత సుఖంగా ఉండొచ్చా? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

చదువైపోయిన కొత్తలో కరీంనగర్‌లో ఒక చిన్న సంస్థలో చేరాను. ఆదిలాబాద్ వైపు ఊళ్లలో బోరునీళ్లు పరీక్షించి, ఏవి తాగొచ్చో ఏవి తాగకూడదో రిపోర్టు పంపడం మా పని. నాతోపాటు రాజేశం ఉండేవాడు. బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. రిపోర్టు రాసే పద్ధతి అతనే తెచ్చాడు. కంప్యూటర్‌లో ఒకే ఫైలులో మన మాటలు, అంకెల పట్టికలు, లెక్క చేసే కోడు అన్నీ ఉంటాయి. పట్టికకు ఒక పేరు పెడతాం. కోడు ఆ పేరుతో పట్టికను పిలిచి అంకెలు తీసుకుంటుంది, లెక్క కట్టి ఫలితాన్ని కింద ఇంకో పట్టికగా ఇస్తుంది. పైన అంకె దిద్ది, కోడు మళ్లీ నడిపితే చాలు. కింద ఫలితం తనంతట తానే మారుతుంది.

కోడుకూ పట్టికకూ లంకె వేసే పని నాకు అప్పగించాడు. నాకు కుదరలేదు. పట్టిక పైన ఉన్న శీర్షికలను కూడా కోడు అంకెలనుకుని ఆగిపోయేది. అడిగితే చెప్పేవాడే. అడగడానికి నామోషీ. సంస్థ నడిపే సారు సాయంత్రానికల్లా రిపోర్టు కావాలన్నారు. పట్టికలోని అంకెలన్నీ కాపీ చేసి నేరుగా కోడులోకే ఎక్కించేశాను. ఫలితం వచ్చింది. సరిగ్గానే వచ్చింది. రేపు సరిచేద్దామనుకున్నాను. మర్నాడు ఇంకేదో పని పడింది. అలా ఉండిపోయింది.

కొన్నాళ్లకు ఒక గూడెం బడి బోరును రాజేశం మళ్లీ పరీక్ష చేయించాడు. ఫ్లోరైడ్ ముందు అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా తేలింది. పట్టికలో అంకె దిద్దాడు, కోడు నడిపాడు, రిపోర్టు పంపాడు. కానీ కోడు ఆ పట్టికను చూడటమే లేదు కదా! అందులో నేను పెట్టిన పాత అంకెలే ఉన్నాయి. బడి బోరు 'తాగొచ్చు' అన్న వరుసలోనే ఉండిపోయింది. అన్ని ఊళ్ల బోర్ల మధ్య అది ఎవరి కంటా పడలేదు.

దసరా ముందు ఆ బడి పంతులు ఫోన్ చేశాడు. నేనే ఎత్తాను.

"మండలం నుంచి వచ్చినోళ్లు గీ నీళ్లు తాగొద్దంటుండ్రు మేడం. మీ రిపోర్టుల తాగొచ్చని ఉన్నది. బడి తెరిచినకాడికెల్లి పిల్లలు గవ్వే తాగుతుండ్రు. ఏది నమ్మాలె?"

వెంటనే ఆపేయమన్నాను. అంతవరకు మనిషిలాగే ఉన్నాను. ఫోన్ పెట్టాక గదిలో ఎవరూ లేరు. రాజేశం అన్నానికి వెళ్లాడు. ఫైలు తెరిచి నా అంకెలన్నీ చెరిపేశాను. ఆ చోట పట్టిక పేరు పెట్టి, శీర్షికల వరుస వదిలేయమని రాశాను. భయంలో అదెంత సులువుగా వచ్చిందో!

సారు వచ్చాక పంతులు ఫోన్ సంగతి చెప్పాను. ఆయన ముందే రాజేశం కోడు నడిపాడు. సరైన ఫలితం వచ్చింది.

"టేబుల్ దిద్దినవ్ గని నడిపియ్యలే. గంతే గదా?" అన్నారు సారు.

"నడిపిచ్చిన సార్. నాకు మంచిగ యాదికున్నది." నా వైపు తిరిగాడు. "నువ్వేమన్న ముట్టినవా?"

"లే. నేనేం ముట్టలే."

కోడు ఇంకోసారి నడిపి చూశాడు. "అయితే నేనే మరిచిన్నేమో సార్" అన్నాడు మెల్లగా.

అతని మీద నింద పడటం కాదు నన్ను తినేది. ఆ 'ఏమో'. చేసిన పని తను చేయలేదని అతని చేతనే నమ్మించాను. ఆ పిల్లల సంగతి? కొన్ని నెలల నీళ్లతో ఏమీ కాదని వాళ్లను చూసిన డాక్టరు అన్నాడు. బడికి వేరే నీళ్లు పెట్టించారు. డాక్టరు మాటను నేను నమ్మానా, నమ్మడం నాకు అవసరమైందా?

రాజేశాన్ని రిపోర్టు పని నుంచి తీసేసి ఊళ్లలో నీళ్లు పట్టుకొచ్చే పనికి పంపారు. చిత్రం, అతనికి ఆ పని నచ్చింది. బండి మీద అడవి దారుల్లో తిరిగొచ్చి కబుర్లు చెప్పేవాడు. ఆ కబుర్ల కోసం ఎదురుచూసేదాన్ని. తర్వాత అతన్నే పెళ్లి చేసుకున్నాను. పాపం కడుక్కోవడానికి కాదు. ఇష్టపడే చేసుకున్నాను. అది ఇంకా ఘోరమా? తెలియదు.

మాకు ఒక కూతురు. ఇల్లు కళకళలాడుతుంటుంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు ఇప్పుడు నేనే నేర్పుతాను. "పట్టికను పేరుతో పిలవండి, అంకెలు కాపీ చేయకండి" అంటే, మేడం చాలా కచ్చితం అనుకుంటారు. ఇంట్లో రాజేశం మాత్రం తాళం వేసి నాలుగడుగులు పోయి వెనక్కి వస్తాడు. "గ్యాస్ బంద్ జేసిన్నా నేను?" అని అడుగుతాడు. "బాపుకు మతిమరుపు" అని బిడ్డ నవ్వుతుంది. ఆ రోజుకు ముందు అతను ఇలా ఉండేవాడు కాదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

అతనికి ఎప్పుడు చెబుతాను? ఈ ప్రశ్నకు జవాబు రాద్దామని కూర్చుని, మీకు చెప్పడంతోనే అలసిపోయాను. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి, ఆ ఫైలును ముట్టింది నేనేనని ఒక చోట రాశాను. రాసి, పైకి చదువుకున్నాను. నా గొంతు నాకే వినబడింది. ఊపిరి కొంచెం లోతుగా ఆడుతోంది.