శుభ్రమ్మ మొక్కలకు కావలసిన బూజు

నర్సరీలో అందరూ ఆమెను శుభ్రమ్మ అనే పిలుస్తారు. పెళ్ళికి ముందు ఆమె ఆసుపత్రిలో దుప్పట్లకు ఆవిరి పట్టే గదిలో పనిచేసింది. నర్సరీకి వచ్చాక మట్టికీ అదే మర్యాద చేసింది. డ్రమ్ములో పోసి, కింద మంట పెట్టి, పురుగూ బూజూ చచ్చేదాకా ఉడికించి, చల్లారాక సంచుల్లో నింపేది. పక్క షెడ్డు ఆమె తోడికోడలిది. ఆ పెద్దావిడ చెట్ల కింద మట్టిని ఆకులతో సహా తెచ్చి వాడేది. మట్టికి స్నానం చేయించే మనిషిని ఇక్కడే చూశానని చెల్లెలి వరసైన శుభ్రమ్మను రోజూ ఆటపట్టించేది.

ఆ ఏడాది కొండవాలు మీద నాటే మొక్కలు ఇద్దరూ పెంచాలి. ఎవరి మొక్కలు అక్కడ నిలబడకపోతే వారిని గేటు దగ్గర సంచులు కుట్టే పనికి పంపిస్తానని మేనేజరమ్మ చెప్పింది. మొక్కల మధ్య తప్ప శుభ్రమ్మకు ఊపిరాడదు.

ఆమె మొక్కలు గిడసబారాయి, ఆకుల అడుగున ఊదారంగు తేలింది. ఆకలేమోనని చిటికెడు చాలినచోట గుప్పెడు ఫాస్ఫరస్ ఎరువు వేసింది. ఆకులు పచ్చబడ్డాయి. కానీ పరీక్షగా కొండవాలులో నాటినవి నాటినట్టే ఉండిపోయాయి. అక్క మొక్కలు మాత్రం చిగురు వేశాయి. శుభ్రమ్మ వాటిలో ఒకటి పీకి చూస్తే వేళ్ళకు తెల్లని దారాలు అల్లుకొని ఉన్నాయి.

"అక్కా, నీ మొక్కలకు బూజు పట్టింది," అంది, కాస్త జాలిగానే.

అక్కడే ఉన్న మేనేజరమ్మ వేళ్ళను చేతిలోకి తీసుకుంది. వేరు చేరలేని మట్టిలోకి ఈ శిలీంధ్రం పాకి ఫాస్ఫరస్ తెచ్చి ఇస్తుందని, బదులుగా మొక్క దానికి చక్కెర పెడుతుందని వివరించింది. ఉడికిన మట్టిలో అది మిగలదు. పైగా ఎరువు దండిగా ఉంటే మొక్క దాన్ని దగ్గరికి రానీయదు. అందుకే శుభ్రమ్మ మొక్కలు బలంలేని కొండమట్టిలో ఒంటరివయ్యాయి.

మరోసారి విత్తడానికి వ్యవధి ఉంది. అయితే ఆ బూజున్న మట్టి అడగవలసింది తనను ఓడించబోతున్న మనిషినే. శుభ్రమ్మ చాలాసేపు తటపటాయించి, చివరికి ఖాళీ గంపతో అక్క గుమ్మంలో నిలబడింది.

అక్క గంప నింపింది. "నువ్వు గేటు దగ్గరికి పోతే నేను రోజంతా ఎవరిని ఎత్తిపొడవాలే?"

ఈసారి శుభ్రమ్మ మంట పెట్టలేదు, ఎరువు చిటికెడే వేసింది. తరువాత కొండవాలులో రెండు షెడ్ల మొక్కలూ సమంగా లేచాయి. ఏ వరుస ఎవరిదని మేనేజరమ్మ అడిగితే, ఎత్తుగా ఉన్నది నాదంటే నాదని తోడికోడళ్ళిద్దరూ వాదనకు దిగారు. ఆవిడ నవ్వి, గేటు పనికి వేరే మనిషిని వెతుక్కోవడానికి వెళ్ళిపోయింది.