శనివారం పూట ప్లగ్గు పానా

ఏళ్ల తరబడి ఎదురుచూస్తే చేతికొచ్చిన మా స్కూటర్ ఈ రోజు పొద్దున్నే మొరాయించింది. ప్లగ్గు విప్పుదామంటే షెడ్డులో పానా లేదు. వెతగ్గా వెతగ్గా పక్కింటివాళ్ల సుత్తి దొరికింది. మన పానా వాళ్లింట్లోనే ఉందని మా ఆవిడ అప్పుడు గుర్తుచేసింది. సుత్తి ఇచ్చేసి పానా తెచ్చుకుందామని వెళ్లాను.

"శనివారం ఇనుము ఇంట్లకెల్లి బయటికియ్యద్దు అన్నా, రేపు రాండ్రి" అంది పక్కింటి యాదమ్మ.

"పోయిన శనివారమేగా నువ్వు తీసుకెళ్లింది?"

"గప్పుడు ఇచ్చింది మీరు గదా! దోషం మీకే."

స్కూటర్ ఎందుకు చెడిందో అప్పుడర్థమైంది. శేరిలింగంపల్లి స్టేషన్‌దాకా నడిచే వెళ్లాను. సుత్తి మాత్రం మళ్లీ మా షెడ్డులోనే ఉంది. మీరే చెప్పండి, శనివారం పూట ఎలా ఇచ్చేది?