సోడియానికి మా అత్తగారి వడ్డన

పెళ్లయ్యాక నా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అంతా చింతపండుతో ఇత్తడి బిందెలు తోమడానికే సరిపోయింది. అందుకే నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీవాళ్లు డెమో క్లాసుకు రమ్మన్నప్పుడు, ఈ ఉద్యోగం కూడా రాకపోతే ఇక నాకు ఆ బిందెలే గతి అనిపించింది.

పాఠం సోడియం. పెద్ద స్టీలు పళ్లెం మధ్యలో పదకొండు అంకె వేసిన అట్టముక్క అంటించాను. అది కేంద్రకం. చుట్టూ మూడు వలయాలు గీసి, బెల్లప్పాకంతో చిన్న చిన్న పల్లీ ఉండలు అతికించాను. లోపల రెండు, తర్వాత ఎనిమిది, చివరి వలయంలో ఒకే ఒక్కటి. ఆ ఒక్కటే వేలన్సీ ఎలక్ట్రాన్. పాఠమంతా దాని మీదే.

మా అత్తగారు చూసి బుగ్గలు నొక్కుకున్నారు.

“ఏందమ్మాయ్, అంచున ఒంటిగా పెట్టావు? శుభమా అంటా పనికి పోతా, ఒక్కటే వడ్డిస్తారా ఎవురైనా?”

“అది వడ్డన కాదత్తయ్యా, సోడియం. బయట ఒక్కటే ఉండాలి.”

“సరేలే” అన్నారు. ఆవిడ ‘సరేలే’ అన్నారంటే మన మాట చెల్లలేదని అర్థం. చీర కట్టుకునే హడావిడిలో ఆ సంగతే మరిచాను. వచ్చేసరికి పళ్లెం మీద గుడ్డ కప్పి సిద్ధంగా ఉంచారు.

వెనక బెంచీలో ప్రిన్సిపాల్ కూర్చున్నారు. “సోడియం బయటి కక్ష్యలో ఒకే ఒక్క ఎలక్ట్రాన్!” అంటూ ఠీవిగా గుడ్డ తీశాను. రెండున్నాయి. రెండోది నా ఉండలకన్నా లావుగా కూడా ఉంది.

“మేడం, పన్నెండుంటే మెగ్నీషియం గదా!” అంది ముందు బెంచీ పిల్ల. క్లాసంతా గొల్లుమంది. ప్రిన్సిపాల్ పెన్నుకు మూత పెట్టేశారు. నాకు ఏడుపొచ్చింది. దాని వెనకే ఒళ్లు మండింది.

“కాదు! మధ్యలో పదకొండు ప్రోటాన్లున్నంత వరకూ అది సోడియమే. ఎలక్ట్రాన్లు వచ్చిపోయే చుట్టాలు. ఈ లావుపాటి చుట్టాన్ని మా అత్తగారు పిలిచారు. సోడియం ఇచ్చే రకమేగానీ పుచ్చుకునే రకం కాదు, చూడండి” అంటూ దాన్ని పీకాను. ఆవిడ పాకం ఎంత గట్టిదో, పక్కదాన్ని కూడా పట్టుకుని ఊడొచ్చింది.

“ఇప్పుడేమైంది?” అన్నాను, తెగించి.

“ప్లస్ వన్ అయాన్ మేడం!” అని ఆ పిల్లే అరిచింది.

ప్రిన్సిపాల్ పకపకా నవ్వుతూ పెన్ను మూత తీశారు. చిన్న ఉండ ఆ పిల్లకిచ్చాను. లావుది ఆయన తిన్నారు.

ఇంట్లో చెప్పులు విప్పకముందే అత్తగారు ఎదురొచ్చారు.

“వచ్చిందా ఉద్యోగం?”

“వచ్చిందత్తయ్యా.”

“చూశావా మరి! ఆ ఒంటిదాన్నే పెట్టుకొని పోయుంటే వచ్చేదా?”