కారులో పాలవ్యాను

ముప్పై ఒక్కేళ్లు పాలవ్యాను నడిపి రిటైరై ఎనిమిది నెలలైనా ఆయన్ని ఆ పేరు వదల్లేదు. పిల్లలకి పాలవ్యాను తాత, పెద్దవాళ్లకి పాలవ్యాను బాబాయి. అసలు పేరు ఫారాలు నింపేటప్పుడు తప్ప భార్యకే గుర్తొచ్చేది కాదు.

ఆ పేరు పోగొట్టుకోవాలనే పాత కారొకటి కొన్నాడు. ముదురాకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు, ముఖం చూసుకునేలా మెరిసే బంపర్లు. ఇక తనని కారు బాబాయి అంటారని తెగ సంబరపడ్డాడు.

ఆ సంబరం సరిగ్గా పదకొండు రోజులు. పన్నెండో రోజు భార్యను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లక్క ఇంటికి బయల్దేరాడు. వదినగారి ఇల్లు రాళ్లు పరిచిన నిటారు వీధికి పైకొసన ఉంది. సగం ఎక్కేసరికి కారు దగ్గింది, వణికింది, ఆగిపోయి రెండడుగులు వెనక్కి జారింది. ఆవిడ దిగి, చేతిసంచీ భుజాన వేసుకుంది.

"మీరు నిదానంగా రండి. వస్తున్నారని నేను ముందెళ్లి చెబుతాను."

చెప్పడమే కాదు, కారు పైకి చేరేలోపు అక్కతో కబుర్లు కూడా ముగించింది. కిటికీల్లోంచి చూసినవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఇంటికొచ్చాక ఒకటే మాట అంది: "ఇంక ఈ కారు నేనెక్కను. మీరూ, మీ కారూ ఊరేగండి."

నవ్వులు ఆయన దులిపేసుకున్నాడు. ఈ మాట మాత్రం దులిపేసుకోలేకపోయాడు. ముప్పై ఒక్కేళ్లు తెల్లారకముందే ఒంటరిగా బండి తోలాడు. పక్కసీట్లో ఏ ఇంటికెన్ని సీసాలో రాసుకున్న కాగితం తప్ప మనిషన్నది లేదు. కారు కొన్నదే ఆ సీట్లో ఆవిడ కూర్చుంటుందని. ఇప్పుడా సీటు ఖాళీ.

బావమరిది బావ బతకగోరతాడంటారు. ఈ బావమరిది బతకగోరుతూనే ఏడిపించే రకం. మెకానిక్కు. షెడ్డు గోడ మీద ఏ పానా ఎక్కడ తగిలించాలో దాని ఆకారమే రంగుతో గీసి పెట్టుకున్న మనిషి.

"ఏం బావా, పందెంలో మా అక్క గెలిచిందటగా!"

"అప్పుడే నీదాకా వచ్చిందా?"

"నాకంటే ముందు టైర్లవాడికి తెలిసింది."

నవ్వుతూనే ఇంజను విప్పి, లోపల్నించి కామ్‌షాఫ్టు బయటికి లాగాడు. కామ్‌షాఫ్టంటే బ్రహ్మవిద్యేం కాదు. గుడ్డు ఆకారపు బొడిపెలున్న ఇనుప కడ్డీ. అది తిరుగుతుంటే ఆ బొడిపెలే ఇంజను ఊపిరి పీల్చే తలుపుల్నీ, వదిలే తలుపుల్నీ తెరుస్తుంటాయి.

"చూడు బావా, నీకంటే ముందు దీన్ని కొన్నవాడు పందేలకి తిప్పాడు. ఇది పందెం కామ్‌షాఫ్టు."

"అయితే ఇంతకన్నా పెద్ద బొడిపెలున్నది వెయ్యి. బలం చాలకేగా ఆగింది!"

"ఇదిగో, అందరూ బోల్తా కొట్టేది ఇక్కడే. బలం ఉంది బావా, మిట్ట మీద పనికొచ్చే చోట లేదు. పరుగెత్తేవాడి ఊపిరి వేరు, మూట మోసేవాడి ఊపిరి వేరు. పెద్ద బొడిపెలు తలుపుల్ని చాలాసేపు తెరిచి ఉంచుతాయి. ఇంజను జోరుగా తిరిగితే సరే. మెల్లగా తిరిగేటప్పుడు లోపలికొచ్చిన పెట్రోలు గాలి వచ్చిన దారినే పోతుంది. నీకు తలుపు తొందరగా మూసేది కావాలి. అప్పుడే నిదానంలో కూడా లాగుతుంది."

అటక మీంచి నూనెగుడ్డలో చుట్టిన కడ్డీ ఒకటి దింపాడు. పక్కనే చిన్న మూటలో, బొడిపెల తోపుని తలుపులకి అందించే ఎనిమిది టాపెట్లు. ఏది ఏ బొడిపె మీద కూర్చునేదో వరసగా నంబర్లు వేసి ఉన్నాయి.

"ఎక్కడిది?"

"నీ పాలవ్యానుదే. కంపెనీ ఒకటే, ఇంజనూ ఒకటే, కామ్‌షాఫ్టే తేడా. బండి తుక్కుకి పోయేరోజు విప్పి దాచాను. చూడు, ఎక్కడా అరగలేదు. పెళ్లాన్ని చూసుకున్నట్టు చూసుకున్నావు."

ఆయన ముఖం మాడిపోయింది. "ఆ పేరు వదిలించుకోడానికి కారు కొంటే, దాన్నే కారు కడుపులో పెడతానంటావా?"

"పేరు కావాలా, మా అక్క కావాలా?"

ఆయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. బంపర్లో తన ముఖం చూసుకున్నాడు. ఖాళీ సీటు చూశాడు.

"మీ అక్కే. కానీ ఆవిడకి చెప్పకు."

"నేను చెప్పను. కారు చెబితే మాత్రం నా పూచీ లేదు."

ఆదివారం పొద్దున ఆవిడ కారెక్కింది. ఊరికే ఎక్కలేదు, నడకకి వేసుకునే బూట్లు తొడుక్కుని మరీ ఎక్కింది. వెనకసీట్లో నిండుగా బావమరిది.

మిట్ట మొదలైంది. రెండో గేరు. కారు దగ్గలేదు, తొందరపడలేదు. గొంతు తగ్గించి గుర్రుమంటూ ఒక్కో ఇంటినీ వెనకేసుకుంటూ ఎక్కింది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఆ హుషారులో, వీధి మరీ నిక్కిన చోట, నీలం తలుపు ముందు టక్కున బ్రేకు తొక్కాడు.

"ఎందుకాపారు?" అంది ఆవిడ.

ఎందుకో ఆయనకీ తెలియలేదు. ఇంతలో నీలం తలుపు తెరుచుకుంది. ఒక ముసలావిడ రెండు ఖాళీ సీసాలతో గుమ్మంలోకొచ్చింది.

"ఓరి నువ్వా! వ్యాను చప్పుడైతే మళ్లీ పాలొచ్చాయనుకున్నా!"

కాలు ముప్పై ఒక్కేళ్ల అలవాటు కొద్దీ బ్రేకు తొక్కేసింది మరి! బావమరిది కిటికీ బయట ఆకాశాన్ని పరీక్షిస్తున్నాడు. భార్య బూటు లేసు బిగించుకుంటోంది. పోయినసారి కదులుతున్న కారే ఎక్కలేకపోయింది. ఇప్పుడు నిలబడ్డచోటు నుంచి, ముగ్గురి బరువుతో ఎక్కాలి.

ఆయన మొదటి గేరు వేశాడు. క్లచ్చు మెల్లమెల్లగా వదిలాడు. చెయ్యిబ్రేకు దించాడు.

కారు జారలేదు. వణకలేదు. నిండు సీసాలతో రోజూ ఎక్కిన దారేగా అన్నట్టు, తాపీగా కదిలి పైకి పోయింది.

"అబ్బో!" అంది ఆవిడ. బూటు లేసు వదిలేసి, "మన సందు దాటకముందే పోల్చాను లెండి. ఈ చప్పుడు వినపడగానేగా నేను రోజూ పొయ్యి మీద నీళ్లు పెట్టేది! నా చెవులకే దాపరికమా?"

"కోపమొచ్చిందా?"

"కోపమెందుకు? ఆ వ్యానెక్కాలని ఎన్నాళ్లనుంచో సరదా. ఇన్నాళ్లకి ఎక్కించారు."

మిట్ట మీద వదినగారు గుమ్మంలోనే ఉంది. "ఏమే, కారు పైదాకా వచ్చిందే!"

"కారు కాదక్కా, పాలవ్యాను!"

పాలవ్యాను బాబాయి హారను రెండుసార్లు గట్టిగా మోగించాడు.