చెక్ ట్రేలో పెట్టిన అన్నం

కన్నబిడ్డను రొయ్యలను పెంచినట్టు పెంచబోయి, వల వేసి పట్టే అదనుకు వచ్చిన గుంటలో బట్టలతో సహా దూకిన సంగతి ఇది. దూకినందుకు సిగ్గులేదు. రొయ్యల గుంటల మీద బతికేవాళ్ళం ఏదో ఒకరోజు అందులో పడేవాళ్ళమే. ఎందుకు దూకానన్నదే సిగ్గు. మీరు గట్టిగానే నవ్వండి. నేనూ ఎనిమిదేళ్ళుగా నవ్వుకుంటున్నాను, ఒక్కడినే కాబట్టి కాస్త నెమ్మదిగా.

మా గుంటలు అల్లూరు దాటాక, సముద్రం వైపు ఉన్నాయి. కట్ట మీద రేకుల షెడ్డు, అందులో మేత బస్తాలు, వాటి పక్కన నేను. నా భార్య సునీత ఉదయగిరి వైపు బడిలో టీచరు. మా పాప బ్లెస్సీ ఆమె దగ్గరే పెరిగింది. నాతో రోజంతా మాట్లాడేవి నీళ్ళు చిలికే ఏరియేటర్లే. అవీ ఒకటే మాట మాట్లాడతాయి.

బ్లెస్సీకి ఆరేళ్ళప్పుడు మొదటిసారి, ఎండాకాలం సెలవుల్లో ఒక నెల నా దగ్గర ఉంచడానికి సునీత ఒప్పుకుంది. దింపి వెళుతూ హెచ్చరించింది.

"ఇది తెల్ల తిండి తప్ప తినదు. ఇడ్లీ, పెరుగన్నం, అంతే. చేప పేరెత్తితే ముక్కు మూసుకుంటాది. చిక్కిపోయి వచ్చిందంటే ఇంక సెలవలకి పంపేది లేదు. ముందే చెప్తా ఉండా."

"లక్షల రొయ్యల్ని మేపేవాణ్ణి, ఒక్క పిల్లని మేపలేనా?" అన్నాను.

సునీత నన్ను ఎగాదిగా చూసి బస్సెక్కింది. ఆ చూపుకే నేను భయపడాల్సింది.

రొయ్య తిన్నదో లేదో పైనుంచి కనిపించదు. అందుకని వల బిగించిన పళ్ళెం లాంటి చెక్ ట్రేలో గుప్పెడు మేత వేసి గుంటలోకి దించుతాం. రెండు గంటలకు పైకి లాగి చూస్తాం. మేత అయిపోయిందా, పెంచుతాం. మిగిలిందా, కోత పెడతాం. రుచి తగలడం లేదనుకుంటే మేతకు బెల్లం నీళ్ళు పట్టిస్తాం. వారానికోసారి వల విసిరి కొన్నింటిని తూకం వేస్తాం. ఇంత చక్కని పద్ధతిని పిల్లల విషయంలో ఎవరూ వాడలేదేమిటా అని నాకు ఆశ్చర్యం వేసింది. మీకు వేయలేదంటే మీకు బుద్ధుందన్నమాట.

మొదటిరోజు అన్నం, బీరకాయ కూర పెట్టి, ఎదురుగా బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాను.

"ఎందుకు నాన్నా, అట్టా చూస్తా ఉండావు?"

"నువ్వు తిను తల్లీ."

"నువ్వు తినవా?"

"నాది తర్వాత."

నాదంటే కట్ట మీద నిలబడి మింగే నాలుగు ముద్దల పెరుగన్నం. అరగంట తర్వాత పాప పళ్ళేన్ని వెలుతురుకు వంచి చూశాను. కూర పెట్టినచోటే ఉంది.

ఆదివారం పిల్లను మేత తూచే కాటా మీద నిలబెట్టాను. సోమవారం మా కాపలాదారు రమణయ్య భార్య పెంచలమ్మ, మామిడికాయ వేసిన చేపల పులుసు గిన్నెడు పంపింది. అందులో నేను బెల్లం కలిపాను. రమణయ్య వేలు ముంచి రుచి చూసి, ముఖం చిట్లించాడు.

"ఇది పులుసా, పాయసమా సార్?"

"రుచి పట్టిస్తా ఉండా రమణయ్యా."

"బిడ్డకా, గుంటకా?"

ఆ రోజు బ్లెస్సీ భోజనానికి ముందు కళ్ళు మూసుకుని చేసిన ప్రార్థన నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "ప్రభువా, ఈ అన్నం ఇచ్చినందుకు స్తోత్రం. నాన్న నన్ను మళ్ళీ కాటా ఎక్కించకుండా చూడు. చేపలో బెల్లం వేయకుండా చూడు. ఆమెన్."

నేనూ ఆమెన్ అన్నాను. ప్రార్థనకు ఆమెన్ అనకుండా ఊరుకునే ఇంట్లో నేను పెరగలేదు.

రెండో ఆదివారం కాటా అరకిలో తక్కువ చూపింది. సునీత మాట గుర్తొచ్చింది. వచ్చే ఏడాది షెడ్డు తలుపు దగ్గర ఈ చిన్న చెప్పులు ఉండవు. అలాంటప్పుడు మనిషన్నవాడు పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుంటాడు. నేను మేతకు కోత పెట్టాను.

గురువారం పొద్దున, "ఇయాళ ఇడ్లీ లేదు. మధ్యాన్నం ఆకలేస్తే కూర తింటావులే," అన్నాను.

"సరే నాన్నా," అని గడప మీద కూర్చుంది. ఏడ్చినా బాగుండేది.

మధ్యాహ్నం గుంటలు చూసుకుని వచ్చేసరికి షెడ్డులో పిల్ల లేదు. మూడో గుంట గట్టున గులాబీ రంగు చెప్పులు మాత్రం ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, బుద్ధిగా.

ఇక నేనేమీ ఆలోచించలేదు. దూకాను. నాకు ఈత రాదన్న సంగతి నీళ్ళలో పడ్డాక గుర్తొచ్చింది. గుంట నా ఛాతీ లోతేనన్న సంగతి అంతకన్నా ఆలస్యంగా గుర్తొచ్చింది. చుట్టూ రొయ్యలు పేలాల్లా ఎగురుతుంటే బురదలో చేతులు పెట్టి దేవుతూ అరుస్తున్నాను. జేబులో ఫోను ఎప్పుడో చచ్చిపోయింది.

గట్టు మీదికి రమణయ్య పరిగెత్తుకొచ్చాడు. "ఏంది సార్, ఏం పారేసుకున్నారు?"

"బ్లెస్సీ! బ్లెస్సీ కనపడలా!"

"మా ఇంట్లో ఉండాది గదా సార్. అన్నం తింటా ఉండాది."

"చెప్పులు ఈడుండాయే!"

"దోవలో బురదవతాయని ఇప్పి పెట్టి పోయింది."

ఆ గుంటలోనే నిలబడి ఏడ్చాను. ఒళ్ళంతా నీళ్ళే కాబట్టి రమణయ్యకు తెలిసి ఉండదు.

వాళ్ళ గుడిసెలో పెంచలమ్మ, బ్లెస్సీ నేల మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. పెంచలమ్మ మామిడికాయ టెంకను చప్పుడు చేస్తూ చీకుతోంది. పక్కన నా కూతురు అదే చప్పుడుతో ఇంకో టెంక చీకుతోంది. పళ్ళెంలో ఎర్రటి పులుసన్నం, పక్కన చేపముళ్ళు.

"ఎట్టా తినిపించినావు పెంచలమ్మా?"

"నేనేం తినిపించలా సార్. నేను తింటా ఉంటే వచ్చి కూచునింది. నాలుగు దినాలుగా వస్తా ఉండాది. మొదటి దినం వాసన చూసింది. మర్నాడు వేలు ముంచి నాకింది. నిన్న మామిడి ముక్క చప్పరించింది. ఇయాళ తనే చేప అడిగింది."

"నాకు చెప్పలేదేం తల్లీ?"

"చెప్తే నువ్వు కాటా తెస్తావు," అంది బ్లెస్సీ. ఒక ముల్లు జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, "అయినా నువ్వే చేప తినవు గదా నాన్నా. మరి నాకెందుకు పెడతావు?" అంది.

నిజమే. రొయ్యల మీద బతుకుతూ నేను నీచు ముట్టను. కూరలూ అంతంతే. నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా పళ్ళెంలో ఏది పక్కకు నెట్టానో ఆ రెండు కళ్ళూ ఆరేళ్ళుగా చూస్తూనే ఉన్నాయి. తెల్ల తిండి నా బిడ్డకు పుట్టుకతో రాలేదు, నన్ను చూసి నేర్చుకుంది. ఉన్న ఆ కాసిని రోజుల్లో నా దగ్గర నేర్చుకోవడానికి దానికి దొరికింది అదొక్కటే.

"కూచోండి సార్," అని పెంచలమ్మ ఇంకో పళ్ళెం పెట్టింది.

నీళ్ళోడుతూ కూర్చున్నాను. చేప నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని మింగాను. రెండో ముద్దకు కళ్ళు తెరిచాను. మూడో ముద్దకు, ఒట్టు, బాగానే ఉంది. తిని లేవబోతుంటే బ్లెస్సీ నా పళ్ళెం తీసుకుని వెలుతురుకు వంచి చూసింది.

"ముక్క మిగిలిచ్చినావు నాన్నా."

"కడుపు నిండింది తల్లీ."

"సరే. రేపు నీకు ఇడ్లీ కట్."

నెలాఖరుకు సునీత వచ్చి, పిల్ల బుగ్గలు చూసి నన్ను మెచ్చుకోబోయింది. జరిగిందంతా చెప్పేశాను. తల కొట్టుకుంది. కానీ ఆ తర్వాత ప్రతి సెలవులకూ పంపింది.

ఇప్పుడు బ్లెస్సీకి పద్నాలుగేళ్ళు. ఈ ఎండాకాలం ఏవో క్లాసులున్నాయని రాలేదు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం వీడియో కాల్ చేసి, "ప్లేటు వంచు నాన్నా," అంటుంది. వంచుతాను.

కనుక గుంట గట్టున నిలబడి, ఏరియేటర్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకొకరి పళ్ళెంలోకి తొంగి చూడను. ఈ మాట నిలబెట్టుకోవడం పెద్ద కష్టమేమీ కాదు లెండి. షెడ్డులో ఉన్నది ఒక్కటే పళ్ళెం.